మన ఊరి పుస్తకం రాద్దామంటే...

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది నరసరావుపేట వైపు, సాగర్ కుడి కాలువ కింద ఉన్న చిన్న ఊరు. నాలుగు వందల గడప దాటదు. వచ్చే సంక్రాంతికి ఊరి చరిత్రను పుస్తకంగా వేయాలని పెద్దలు అనుకున్నారు. నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నానని రాసే పని నా నెత్తిన పెట్టారు. కాకతీయుల సేనాపతి ఒకాయన ఇక్కడ గుర్రం దిగి ఊరు కట్టాడని అందరూ చెబుతారు. శాసనం లేదు, తాళపత్రం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ సేనాపతి గుర్రాన్ని కాసేపు పక్కన కట్టేయండమ్మా. నా దగ్గరికి వచ్చిన ఊరి పుస్తకాల్లో చాలావాటికి మొదటి పేజీలో అలాంటి గుర్రమే ఉంటుంది. తర్వాత గుడి, ఆ తర్వాత దాతల ఫొటోలు. ఊళ్లో జనం ఏం పండించారు, ఏం తిన్నారు, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకున్నారు అన్నది ఎంత వెతికినా కనిపించదు.

రాతపూర్వకంగా ఏమీ లేదని దిగులు పడొద్దు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరికీ పంపి, గ్రామాల వృత్తాంతాలు రాయించాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆ పనిలో ముఖ్యులు. ఆ రాతల్నే కైఫీయతులు అంటారు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి, కొన్ని అచ్చయ్యాయి కూడా. గుంటూరు సీమ ఊళ్లవి బాగానే దొరుకుతాయి. మీ ఊరిది లేకపోతే పక్క ఊరిది చూడండి. పొలిమేర చెప్పేటప్పుడు మీ ఊరి పేరు రావచ్చు. "సర్కారు ముర్తజానగర్" అని కనిపిస్తే కంగారు పడకండి, అది కొండవీటి సీమే.

చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త. మా నాన్న ఊరి భూముల లెక్కలు రాసే కరణం, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది: కరణం చెప్పిన చరిత్రలో ముందు కరణమే కనిపిస్తాడు. గుంటూరు కైఫీయతుల్లో ఒక సంగతి ఊరి తర్వాత ఊరికి వస్తూనే ఉంటుంది. గణపతి మహారాజు ప్రధాని గోపరాజు రామన్న శాలివాహన శకం 1067లో నియోగి బ్రాహ్మణులకు గ్రామ కరణీకాలు ఇచ్చాడని. శకానికి 78 కలిపితే 1145 అవుతుంది. కాకతి గణపతిదేవుడు రాజ్యానికి వచ్చిందే 1199లో. ఈ ఉద్యోగం మాకు తాతల నాటి హక్కు అని దొరల ముందు నిలబెట్టుకోవడానికి చెప్పుకున్న కథ అని నా అనుమానం. మీ సేనాపతిని కూడా పుస్తకంలోంచి తీసేయమనడం లేదు. "ఊళ్లో ఇలా చెప్పుకుంటారు" అని రాయండి. ఎవరు చెప్పారో రాయండి. చెప్పినవారి ఇంటిపేరూ సేనాపతి ఇంటిపేరూ ఒకటేనా అన్నది కూడా గమనించండి. చాలాసార్లు ఒకటే అవుతుంది!

నన్నడిగితే కైఫీయతు కంటే ముందు చూడాల్సింది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. శిస్తు లేకుండానో తక్కువ శిస్తుతోనో అనుభవిస్తున్న భూములకు హక్కు తేల్చడం దాని పని. మాన్యం విస్తీర్ణం ఎంత, దేనికోసం ఇచ్చారు, ఎవరిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని వరుసగా రాసుకుంటూ పోయారు. దేవుడి మాన్యం, అర్చకుడిది, దర్గా ముజావరుది, మేళగాళ్లది, కమ్మరిది, వడ్రంగిది, చాకలిది, మంగలిది, తలారిది, వెట్టిది... నూట అరవై ఏళ్ల కిందట ఊళ్లో ఏయే పనులు చేసేవాళ్లు ఉన్నారో అందులో తేలిపోతుంది. నేను చూసిన ఒక ఊరి రిజిస్టర్లో గుడిలో ఆడే స్త్రీ పేరున మాన్యం ఉంది. ఇప్పుడు ఆ ఊళ్లో అలాంటి ఆమె ఉండేదని తెలిసినవాళ్లే లేరు. భూమి మాత్రం చేతులు మారి మారి ఇప్పుడు మిరపతోట అయింది. కలెక్టరేట్ రికార్డు రూములోనో ఆర్కైవ్స్‌లోనో వెతికించి, సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకోండి.

ఇంకొకటి, ఎవరింట్లోనైనా పాత దస్తావేజులుంటే అడిగి చూడండి. అమ్మినవాడు, కొన్నవాడు, సొమ్ము ఎంత అన్నది కాదు మీకు కావలసింది. హద్దులు చదవండి. "తూర్పు ఫలానా వారి దొడ్డి, దక్షిణం డొంక, పడమర పూడిపోయిన బావి" అని ఉంటుంది. ఎప్పుడో మాయమైన డొంకలు, కుంటలు, ఇళ్లు ఆ నాలుగు హద్దుల్లో బతికే ఉంటాయి. ఆస్తి గొడవ పెట్టుకోవడానికి వచ్చారేమో అని ఇవ్వడానికి భయపడతారు. ఫొటో తీసుకోకుండా అక్కడే కూర్చుని హద్దులు మాత్రం రాసుకుంటానని చెప్పండి, ఇస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాలువ కింది ఊరంటున్నారు కాబట్టి మీ పుస్తకానికి నడుము 1967. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆ నీళ్లు మీ పిల్లకాలువ దాకా ఏ ఏడు చేరాయో కనుక్కోండి. అంతకుముందు మీ వైపు జొన్న, సజ్జ, వరిగ, ఆముదం. జొన్నలు నేలలో తవ్విన పాతర్లలో పోసి పైన మట్టి మెత్తేవాళ్లు. పాతర తీసిన రోజు వెంటనే లోపలికి దిగకూడదు, ఊపిరాడక మనిషి పోతాడు. మీ వీధిలో ఎన్ని పాతర్లుండేవి, ఎవరివి, ఏ ఏడు పూడ్చారు? పండక్కి తప్ప వరన్నం వండని ఇంట్లో రోజూ వరన్నం ఎప్పటినుంచి? డెల్టా నుంచి భూములు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు ముందు ఎవరు, వాళ్లు గుడిసెలు ఎక్కడ వేసుకున్నారు, ఊరివాళ్లు ఎకరం ఎంతకు అమ్మారు, అమ్మి ఆ డబ్బు ఏం చేశారు? కాలువ చివరి పొలాలు ఎవరివి? కాలువ నీళ్లు చూసే లష్కరును మంచి చేసుకున్నది ఎవరు? రాత్రిపూట తూము దగ్గర కాపలా పడుకున్నది ఎవరు? కాకతీయుల మీద మీరు పది పేజీలు రాసినా అవి ఇంకో వంద ఊళ్లకు సరిపోతాయి. ఈ ప్రశ్నలకు జవాబులు మీ ఊరికి తప్ప ఇంకెవరికీ సరిపోవు.

ఈ సంగతులు కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు. ఆర్కైవ్స్ ఎక్కడికీ పోదు. ముందు వీళ్ల దగ్గర కూర్చోండి. ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. మగవాళ్లు పక్కనుంటే "నాకేం తెలుసు, ఆయన్నడుగు" అనేస్తారు. ఒంటరిగా దొరికితే ఏ బావి నీళ్లు పప్పు ఉడికించేవో, ఏ బావి దగ్గర ఎవరిని చేద వేయనిచ్చేవాళ్లు కాదో, ఏ ఎండాకాలం తెల్లవారుజామున ఎంత దూరం నడిచారో చెబుతారు. మగవాళ్లు భూముల గురించి చెప్పినంత బాగా ఆడవాళ్లు నీళ్ల గురించి చెబుతారు.

మీకు దగ్గర్లోనే కోటప్పకొండ ఉంది కదా. శివరాత్రి తిరునాళ్లకు మీ ఊరి ప్రభ వెళ్తుంటే మీ అదృష్టం. ప్రభ చందాల పుస్తకం ఎవరింట్లోనో అటక మీద ఉండే ఉంటుంది. ఎవరెంత ఇచ్చారు, వెదురుకు ఎంత, రంగు గుడ్డకు ఎంత, జనరేటరు ఏ ఏడు అద్దెకు తెచ్చారు, ఎడ్లు పోయి ట్రాక్టరు ఎప్పుడు వచ్చింది, అన్నీ లెక్కల్లోనే ఉంటాయి. డెల్టా నుంచి వచ్చినవాళ్ల పేర్లు చందాల్లో మొదట ఏ ఏడు కనిపించాయో చూడండి. ఊరు వాళ్లను తనలో కలుపుకున్న ఏడు బహుశా అదే. పోలేరమ్మ కొలుపుల్లో ఎవరి వంతు ఏమిటో కూడా రాసుకోండి: ఘటం ఎవరు తెస్తారు, దివిటీ ఎవరు పడతారు, డప్పు ఎవరిది, ముందు కుంభం ఎవరింటి నుంచి. పీర్ల చావిడి ఉంటే అక్కడా ఇవే ప్రశ్నలు. ఈ వంతుల దగ్గరే తగాదాలు వస్తాయి. తగాదా వచ్చిందంటే ఏడాది జనానికి గుర్తుంటుంది, మీ పని తేలికవుతుంది.

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. మా ఊరి మీద వేసిన పుస్తకంలో మా పల్లె గురించి ఉన్నది ఒకే వాక్యం: "గ్రామానికి దక్షిణాన హరిజనవాడ కలదు." మా ముత్తాతలకు సెంటు భూమి లేదు, పట్టా లేదు. మా చరిత్ర మేమే రాసుకుందామంటే ఆధారాలు దొరుకుతాయా? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: దొరుకుతాయి మాస్టారూ. ఊరికి దొరకనివి కూడా మీకు దొరకవచ్చు.

మీ పల్లెలో పాత చర్చి ఉంటే బాప్తిస్మాల రిజిస్టరు అడగండి. 1876-78లో ధాత కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలిపని ఇచ్చాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో మీ ముత్తాతలు ఉన్నారో లేదో నాకు తెలియదు కానీ, ఆ కాలువ గట్టు మీద మట్టి మోసినవాళ్లు ఉండే అవకాశం బాగా ఉంది. మా నాన్న తాతల రికార్డుల్లో మీవాళ్లు పేరు లేని కూలీలు. మిషన్ రిజిస్టర్లలోనైతే పేరుతో, ఊరితో, ఒక్కోసారి తల్లిదండ్రుల పేర్లతో ఉంటారు.

ఇనాం రిజిస్టర్ సంగతి పైన చెప్పాను. మీరు అందులో వెట్టి మాన్యం, అంటే ఊరికి వెట్టి పని చేసినందుకు ఇచ్చిన భూమి, వరుస చూడండి. ఆ మాన్యం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి. అది చేతులు మారిన తీరే మీ పుస్తకంలో ఒక అధ్యాయానికి సరిపోతుంది.

ఏటా సాగు వివరాలు రాసే అడంగల్‌ను మాత్రం పూర్తిగా నమ్మకండి. సాగు చేసేవాడి పేరు రాయడానికి అందులో గడి ఉంటుంది. 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చాక ఆ గడిలో కౌలుదారు పేరు పడితే తమ భూమి పోతుందని ఆసాములకు భయం. మా నాన్న అందరికీ "స్వంతం" అని రాసేవాడు. పొలంలో కాలు పెట్టని ఆసామికీ అదే రాత. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసినప్పుడు కట్టలన్నీ గోనెసంచుల్లో తాలూకా ఆఫీసుకు వెళ్లాయి. మా ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది ఆ రోజు. మా పాలేరు మాత్రం హుషారుగా బండి కట్టాడు. అతని హుషారుకు కారణం నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

ఇక పని గురించి. బావుల కింద తోటలున్న ఊరైతే మోటల గురించి తప్పక రాయండి. ఊరి పుస్తకాల్లో "మెట్టలో బావులు తవ్వి తోటలు వేశారు" అని ఆసాముల గొప్ప రాసుకుంటారు. బావిలోంచి నీళ్లు పైకి వచ్చింది తోలు బొక్కెనతో, తోలు తొండంతో. ఆ తోలు ఊని పదును చేసినవాళ్లు, కుట్టినవాళ్లు, చినిగితే రాత్రికి రాత్రి బాగుచేసినవాళ్లు పల్లెలో వాళ్లు. దానికి ప్రతిఫలం కళ్లంలో మేర, అంటే పంటలో కొలిచి ఇచ్చే వాటా. కరెంటు మోటార్లు వచ్చాక తోలుతో పని లేదు, మేరా ఆగిపోయింది. ఊళ్లో కరెంటు ఏ ఏడు వచ్చింది, మొదటి మోటారు ఎవరు పెట్టారు, మేర ఇవ్వడం ఎవరు ముందు మానేశారు, ఆ ఏడాది పల్లె నుంచి ఎంతమంది పొగాకు బేళ్లకో బెజవాడకో కూలికి పోయారు అని అడగండి. వ్యవసాయం ఎలా మారిందో ఆసాముల ఇళ్లలో కంటే పల్లెలో బాగా తెలుస్తుంది.

మీరు ఉపాధ్యాయులు కాబట్టి బడిలో అడ్మిషన్ రిజిస్టరు మీకు అందుబాటులో ఉంటుంది. పల్లె నుంచి మొదట చేరిన పిల్లవాడు, మొదట చేరిన ఆడపిల్ల, తండ్రి వృత్తి, ఏ తరగతిలో మానేశారు... నేను సోషల్ టీచరుగా పనిచేసిన హైస్కూల్లో పాత రిజిస్టరు తిరగేస్తే, పత్తి తీతల నెలల్లోనే చాలా పేర్లు కొట్టేసి ఉన్నాయి. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి.కె.టి. పట్టాల జాబితా తహసీల్దారు ఆఫీసులో ఉంటుంది. అది కూడా తీసుకోండి. కాగితం మీద పట్టా ఉండి, భూమి మీద ఇంకొకరుంటే ఉన్నది ఉన్నట్టు రాయండి.

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. మా దిక్కు కరణం కాదు, పట్వారీ. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నయి. మేం ఏం చూడాలె? (ఒక రైతు)

జవాబు: మీరు ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. నిజాం కాలంలో మీ ఊరు నేరుగా దివానీ (ప్రభుత్వం) కిందనా, జాగీర్దారుకు ఇచ్చిన జాగీరా, నిజాం సొంత సర్ఫేఖాసా? పక్కపక్క ఊళ్లే అయినా ఒకటి జాగీరు, ఒకటి దివానీ అయితే వసూళ్లు వేరు, కొలువు వేరు, వెట్టి వేరు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. సర్వే తర్వాత తయారైన మొదటి భూమి రిజిస్టరు సేత్వార్, ఆ తర్వాత ఎవరి భూమి ఎవరి సాగులో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ తప్పకుండా చూడండి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా అన్నిటికంటే విలువైనది. దొర భూమిని నిజంగా దున్నినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. ఉర్దూ చదివించుకోవడానికి రిటైరైన పాత ఉద్యోగి ఎవరైనా దొరికితే సరే, లేదంటే దగ్గర్లోని మసీదులో అడిగితే సాయం చేస్తారు. అంకెలు, కొలతల గుర్తులు తెలిసిన మనిషైతే మేలు.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక అప్పటి మీ నల్లగొండ జిల్లా ఊళ్లన్నీ కదిలాయి. మీ ఊళ్లో ఎవరు సంఘంలో (ఆంధ్ర మహాసభలో) చేరారు, ఎవరు ఊరు విడిచి పోయారు, దొర గడీ ఇప్పుడు ఏమైంది అని రెండు వైపులవాళ్లనూ అడగండి. దొర మనవళ్లు కూడా మాట్లాడతారు, మనం అనుకున్నదానికంటే ఎక్కువే.

ప్రశ్న: మా నాయనమ్మ తారణలో పుట్టానంటుంది. పాత రసీదుల మీద ఫసలీ అని ఉంది. వీటిని ఇంగ్లీషు ఏడాదిగా ఎలా మార్చాలి? (ఒక విద్యార్థి)

జవాబు: అరవై తెలుగు సంవత్సరాల్లో మొదటిదైన ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది. ప్రభవ నుంచి లెక్కపెడితే తారణ పద్దెనిమిదోది, అంటే 1944. ఉగాది నుంచి ఉగాది దాకా ఏడాది కాబట్టి 1945 మార్చి కూడా కావచ్చు. పుట్టినప్పుడు నాట్లా, కోతలా అని అడుగు, నెల కూడా తేలుతుంది. ఆంధ్ర రసీదుల మీద ఫసలీకి 590 కలుపు. 1359 ఫసలీ అంటే 1949 జూలై నుంచి మరుసటి జూన్ దాకా. పెద్దవాళ్లు తేదీలు చెప్పరు, కరువులు చెబుతారు. గుంటూరు వైపు నందన కరువు, డొక్కల కరువు అంటే 1832-33. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, పింగళ సంవత్సరం.

ప్రశ్న: ఊళ్లో పాత కక్షలు, హత్యలు, ఎన్నికల గొడవలు పుస్తకంలో రాయాలా వద్దా? కమిటీలో రెండు పార్టీలయ్యారు. (ఒక పంచాయతీ వార్డు సభ్యుడు)

జవాబు: రాయండి. గొడవ దేనికోసం వచ్చిందో, ఎన్నేళ్లు సాగిందో, ఎన్ని కుటుంబాలు ఊరు వదిలాయో, ఎవరు రాజీ చేశారో రాయండి. చంపినవాళ్ల, చచ్చినవాళ్ల పేర్లు వద్దు. మనవళ్లు ఇప్పుడు ఒకే బస్సులో కాలేజీకి వెళ్తుంటారు. నీళ్ల తగాదా, చెరువు వేలం, గుడి పెత్తనం లాంటివైతే పేర్లు కూడా ఉండనివ్వచ్చు, రెండు వైపుల మాటా పక్కపక్కన వేసి.

అచ్చుకు ఇచ్చేముందు రాతప్రతిని అందరి ముందూ చదివి వినిపించండి. గుడి మండపంలో వద్దు, రచ్చబండ దగ్గరా వద్దు. కొందరు అక్కడికి రారు, వచ్చినా కూర్చోరు. ఆదివారం బడి ఆవరణలో పెట్టండి. అభ్యంతరం చెప్పినవాళ్ల మాటను వాళ్ల మాటగానే ఆ పేజీ కింద చేర్చండి. దాతల ఫొటోలు ఆఖరి పేజీల్లోకి పంపండి. ముందు పేజీల్లో వేస్తేనే చందాలు వస్తాయని కమిటీ గోల చేస్తుంది. చేయనివ్వండి.